పచ్చిది ఎవరికి, వండినది ఎవరికి: థాయి సంగీతకారుల గురుపూజలో నైవేద్యాల లెక్క

థాయిలాండ్ సంగీత పాఠశాలల్లో ఏడాదికోసారి జరిగే వాయి ఖ్రూ అనే గురుపూజ ఫొటోలు చూస్తే, వాద్యాల కంటే ముందు కంటబడేవి పంది తలలు. తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద ఉడికించినదొకటి, పచ్చిదొకటి. పక్కన బాతులు, కోళ్లు, పీతలు, రొయ్యలు, కొబ్బరి బోండాలు, చెరుకు ముక్కలు, ఎర్రవీ తెల్లవీ పిండివంటలు, మద్యం సీసాలు, తాంబూలం. వీటి నడుమ అరటాకుతో కట్టిన శంకువులాంటి అమరిక, దాని కొసన ఒలిచిన గుడ్డు. చూడ్డానికి ఘనమైన విందే. కానీ అక్కడ ఏ వస్తువూ ఊరికే పెట్టింది కాదు. ఏది ఎవరికి, పచ్చిగానా వండా, ఏ పాట మొదలయ్యాక అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే, ఏ గురువులు వస్తారని ఆ బృందం నమ్ముతోందో బల్లను చూసే చెప్పేయొచ్చు.

వాయి ఖ్రూ అంటే గురువుకి మొక్కడం. సంగీత, నృత్య, నాటక రంగాల్లో దీనికి రెండో భాగం కూడా ఉంది. దాన్ని ఖ్రోప్ ఖ్రూ అంటారు. పెద్దగురువు శిష్యుడి తలను తాకి, ఆ విద్య నేర్చుకోవడానికి అనుమతి ఇచ్చే ఘట్టమది. ఎక్కువగా గురువారమే చేస్తారు, బృహస్పతి వారం కాబట్టి. థాయి చాంద్రమానంలో ఆరో నెల, తొమ్మిదో నెల ప్రశస్తమంటారు. ఆరో నెల మే ప్రాంతంలో వస్తుంది, అంటే వానలు మొదలయ్యే ముందరి ఉక్కపోత. తిండి విషయంలో వచ్చే తిప్పలకి సగం కారణం ఈ నెలే.

ఇక ఆ గురువులెవరు? బతికున్న మాస్టారొక్కరే కాదు. పైవరసలో ఈశ్వరుడు, నారాయణుడు, బ్రహ్మ ఉంటారు. థాయి ఉచ్చారణలో ఇసువన్, నారాయ్, ఫ్రోమ్. వాళ్లతో పాటు గణపతి. సంగీతానికి ప్రత్యేకంగా ముగ్గురు: వాద్యాలు చేసిన విశ్వకర్మ ఫ్రా విత్సనుకం, తంత్రీవాద్యాలకి ఫ్రా పంచసిఖోన్, మద్దెలకి ఫ్రా ప్రఖోంథప్. పంచసిఖుడు బౌద్ధ దీఘనికాయంలో శక్రుడి పక్షాన బుద్ధుడి ముందు వీణ వాయించిన గంధర్వుడే. ప్రఖోంథప్‌ని నారదుడితో కలిపి చూస్తారు. వీళ్ల తర్వాత ఋషులు, ఆపైన ఫ్రా ఫిరాప్ అనే రాక్షస గురువు, చివరికి ఫొటోల్లో కనిపించే గతించిన మానవ గురువులు. బుద్ధుడి విగ్రహం వీళ్లందరికంటే ఎత్తులో, వేరుగా ఉంటుంది. ఆయన ముందు పూలు, ధూపం, దీపమే. మాంసమూ మద్యమూ ఆ దరిదాపులకి రావు.

ఇక్కడినుంచే నైవేద్యం మూడు దారులవుతుంది. బ్రాహ్మణ సంప్రదాయం నుంచి వచ్చిన దేవతలకి పాలు, వెన్న, నువ్వులు, పప్పులు, పళ్లు, దుంపలు, పిండివంటలు. ఋషులకీ మానవ గురువులకీ మనుషులు తినే వండిన భోజనం. ఫ్రా ఫిరాప్‌కి, ఆయన వెంట వచ్చే రాక్షస గణానికి పచ్చి మాంసం, మద్యం. కొన్ని బృందాలు దేవతల బల్ల మీద కూడా వండిన మాంసం పెడతాయి, కొన్ని అసలు పెట్టవు. పరంపరను బట్టి ఇది మారుతుంది. పచ్చిదీ వండినదీ కలిసిపోకూడదన్న నియమం మాత్రం మాంసం పెట్టే బృందాలన్నిటికీ ఉమ్మడిది. పచ్చివన్నీ ఒక పక్క బల్ల మీదే ఉండాలి. వండిన సెట్టులో పంది తల, కోడి, బాతు, చేప, పీత, రొయ్య ఎన్ని ఉంటే పచ్చి సెట్టులోనూ అన్నీ ఉండేలా జత కూరుస్తారు.

పచ్చి మాంసం చూసి చాలామంది ఇది దుష్టశక్తులకి వేసే ఎర అనుకుంటారు. అది పొరపాటు. సంగీతంలోనూ నృత్యంలోనూ అత్యున్నతమైన రచన ఫ్రా ఫిరాప్ పేరు మీదే ఉంది. థాయి రామాయణమైన రామకియన్‌లో ఫిరాప్ అనే రాక్షసుడు మన రామాయణంలోని విరాధుడే. కానీ కళాకారులు మొక్కే ఫ్రా ఫిరాప్‌ని థాయి పండితులు శివుడి ఉగ్రరూపమైన భైరవుడితో ముడిపెడతారు. భైరవుడికి మాంసం, మద్యం సమర్పించడం కాఠ్మాండూ లోయలో ఇప్పటికీ చూడొచ్చు. అందుకని బల్ల మీది పచ్చిమాంసం కింది తరగతి అతిథికి విదిలించింది కాదు, అందరిలోకీ ఎక్కువ భయభక్తులతో పిలిచే గురువుకి పెట్టేది. నన్నడిగితే, ఈ ఒక్క అపార్థం తొలిగితే బల్ల మీది మిగతా లెక్క సగం దానంతటదే అర్థమవుతుంది.

రెండో నియమం పూర్ణత్వం. దేన్నైనా మొత్తంగా ఇవ్వాలి, కోసి ముక్కగా ఇవ్వకూడదు. నిండు పందిని ప్రతిసారీ తేలేరు కాబట్టి తల, నాలుగు కాళ్లు, తోక కలిపి పెడతారు. ఆ ఆరూ ఉంటే పంది మొత్తం వచ్చినట్టే లెక్క. తల ఒక్కటే తెచ్చి కాళ్లూ తోకా మర్చిపోవడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. మాంసం కొట్టువాడికి ముందే చెప్పకపోతే తోక వేరే బేరానికి వెళ్లిపోతుంది. కోడికీ బాతుకీ తల, కాళ్లు ఉండాలి, లోపలి కార్జం, కందనకాయ, గుండె కూడా పక్కనో పొట్టలోనో చేరాలి. చేపల్లో ఎక్కువగా కనిపించేది ప్లా చోన్, అంటే మన కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. దాన్ని తలా తోకా తియ్యకుండా ఆవిరి మీద ఉడికిస్తారు. పంది తల ఉడికించేటప్పుడు మంట పెద్దది చేస్తే చెవుల దగ్గర, ముట్టె దగ్గర తోలు చిట్లుతుంది. చిట్లిన తలను బల్ల మీదికి ఎక్కించరు. అందుకే సన్నమంట మీద గంటల తరబడి ఉంచి, నీళ్లలోనే కాస్త చల్లారనిచ్చి తీస్తారు.

ఆ అరటాకు అమరిక పేరు బాయ్ సీ. సంగీతకారుల పూజలో ఎక్కువగా వాడేది బాయ్ సీ పాక్ ఛామ్, అంటే గిన్నె మీద నిలబెట్టేంత చిన్న రకం. మధ్యలో అరటాకు పొట్లాన్ని శంకువులా చుట్టి, అందులో అన్నం కూరి, వెడల్పు వైపు కిందికి ఉండేలా గిన్నెలో బోర్లిస్తారు. కొసలోంచి సన్నటి వెదురుపుల్ల గుచ్చి, దాని మీద ఉడికించి ఒలిచిన గుడ్డు, గుడ్డు పైన ఒక పువ్వు. చుట్టూ ఆకును వేలిలాగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన రెక్కలు మూడు వైపులా నిలబడతాయి. రెక్కల సందుల్లో దోసకాయ ముక్కలు, అరటిపండు. దేవతల కోసం పెద్దగా, అంతస్తులుగా కట్టే రకం వేరే ఉంది. దానికి అంతస్తుల లెక్క సాధారణంగా బేసి: మూడు, ఐదు, ఏడు, తొమ్మిది.

చదివితే తేలికే అనిపిస్తుంది, కడితేనే తెలుస్తుంది కష్టం. ఏ అరటాకైనా పనికిరాదు. తానీ అనే గింజల అరటి ఆకు తీసుకుంటారు, అది మెత్తగా వంగుతుంది, ఈనె వెంట చీలదు. కోసిన వెంటనే మడిస్తే పెళుసుగా విరుగుతుంది కాబట్టి ముందు కాస్త వాడనిస్తారు. తడిగుడ్డతో ఒకే దిశలో తుడుస్తారు, అటూ ఇటూ రుద్దితే ఆకు చీలుతుంది. మడిచిన వేళ్లని పటిక కలిపిన నీళ్లలో నానబెడితే మడత నిలబడుతుంది, రంగు నిలుస్తుంది. వేళ్ల ఎత్తు సమానంగా లేకపోతే రెక్క ఒక పక్కకి వాలిపోతుంది. అన్నం వేడివేడిగా కూరితే లోపల ఆవిరి పట్టి ఆకు నల్లబడుతుంది, ఉక్కలో అన్నం త్వరగా పులుస్తుంది. అందుకే రెక్కలు ముందురోజు సాయంత్రం కట్టుకున్నా, అన్నం మాత్రం పూజరోజు తెల్లవారుజామునే చల్లార్చి పెడతారు. గుడ్డు ఒలిచేటప్పుడు గాటు పడితే ఇంకోటి తీసుకోవాలి. ఆ గుడ్డు ప్రాణశక్తికి, థాయి వాళ్లు ఖ్వాన్ అనేదానికి గుర్తు, అందుకని నున్నగా ఉండాలి.

పిండివంటల్లో తప్పనిసరిగా ఉండే జంట ఖనోమ్ తోమ్ తెలుపు, ఖనోమ్ తోమ్ ఎరుపు. తెల్లది మన పూర్ణం కుడుముకి దగ్గర చుట్టమే, కాకపోతే ఆవిరి మీద కాదు, మరిగే నీళ్లలో ఉడుకుతుంది. జిగురు బియ్యప్పిండిని నీళ్లతో ముద్దచేసి, తురిమిన కొబ్బరీ తాటిబెల్లమూ దగ్గరగా ఉడికించిన ఉండను లోపల పెట్టి మూసి, నీళ్లలో వేస్తారు. పైకి తేలాక కాసేపు ఉంచి తీసి, చిటికెడు ఉప్పు కలిపిన కొబ్బరి తురుములో దొర్లిస్తారు. ఎర్రదానికి లోపల పూర్ణం ఉండదు. పిండిని బిళ్లలుగా అద్ది ఉడికించి, బెల్లంపాకంలో కొబ్బరితో పాటు కలిపేస్తారు. కొబ్బరి లేతదైతే నీరు వదులుతుంది, బాగా ముదిరితే పీచు తగులుతుంది, మధ్యస్థంగా ముదిరింది కావాలి. పూర్ణం వేడి మీద ఉండగా మూస్తే అతుకు నిలవక నీళ్లలో పగులుతుంది. ఇక జిగురు పిండి చల్లారి ఎక్కువసేపు ఉంటే గట్టిపడిపోతుంది కాబట్టి ఇవి ముందురోజు చేసి దాచుకునే వంటకాలు కావు. ఎరుపూ తెలుపూ రెండూ ఉండాలి. ఒకటే పెడితే జత తప్పినట్టు.

బల్ల సర్దడం అయ్యాక తినే వేళను గడియారం చెప్పదు, పీఫాట్ అనే సంప్రదాయ వాద్యబృందం చెబుతుంది. తెల్లబట్టలు కట్టిన పెద్దగురువు మంత్రం చదివి, ఫలానా పాట కావాలని అడుగుతాడు. బృందం వాయిస్తుంది. నాఫాట్ అనే ఈ రచనల్లో ఒక్కోటీ ఒక్కో రాకకో చర్యకో కట్టుబడి ఉంటుంది. త్రిరత్నాలకి మొక్కేటప్పుడు సాథుకాన్. మద్దెల గురువుని పిలవడానికి త్రా ఫ్రా ప్రఖోంథప్. ఋషులు వస్తున్నారంటే సమోయె థేన్, రాక్షస గురువులు వస్తున్నారంటే సమోయె మాన్. అందరూ వచ్చాక లోంగ్ సోంగ్, అది స్నానం. తర్వాత నాంగ్ కిన్, అంటే కూర్చుని తినడం. ఆపైన సేన్ లావో, మద్యం సమర్పణ. షోడశోపచార పూజ తెలిసిన తెలుగువాళ్లకి ఈ వరస కొత్తేమీ కాదు: ఆవాహనం, స్నానం, నైవేద్యం, చివర ఉద్వాసన. తేడా ఏమిటంటే మనకి ఉపచారాన్ని మంత్రం జరిపిస్తే, అక్కడ పాట జరిపిస్తుంది. నాంగ్ కిన్ మొదలవ్వనిదే బల్ల మీద ఉన్నది ఇంకా సమర్పించినట్టు కాదు. అప్పటిదాకా అది సర్దిన సరుకే.

తినే ఘట్టం దగ్గర చిన్న చిన్న పనులు చాలా ఉంటాయి. బోండాల మూతలు ముందే చెక్కి ఉండాలి. సీసాల బిరడాలు తీసి ఉండాలి. పంది తల దగ్గర కత్తి, నంజుకునే పులుసు చిన్నగిన్నెల్లో ఉండాలి. ప్రతి పదార్థం మీద ఒక్కో అగరుబత్తి గుచ్చుతారు. మూత తియ్యని సీసా, పొట్లం విప్పని మిఠాయి పెడితే అతిథి ముందు తాళం వేసిన డబ్బా పెట్టినట్టే. ప్లాస్టిక్ చుట్టిన పళ్లబుట్టలు అంగట్లో దొరుకుతున్న ఈ రోజుల్లో ఈ తప్పు పెరిగింది. అగరుబత్తులు కాలేదాకా ఆగి, పెద్దగురువు సెలవు కోరే వాక్యాలు చదివాకే ఎవరైనా బల్లను ముట్టాలి. ఆ తర్వాత పేలాలూ పూలూ చల్లుతారు, దానికీ ప్రొయ్ ఖావ్ తోక్ అని వేరే పాట ఉంది. చివరికి గురువులని సాగనంపుతూ చోయెత్, సంతోషంతో క్రావ్ రామ్.

సమయం దగ్గరే ఎక్కువ గొడవలొస్తాయి. చాలాచోట్ల ముందురోజు సాయంత్రం భిక్షువులు పరిత్తం అనే రక్షాపాఠాలు చదువుతారు, పూజ ఉదయం వాళ్లకి భోజనం పెడతారు. మధ్యాహ్నం దాటితే భిక్షువులు తినరు. గురువుల నైవేద్యం కూడా ఆలోపే ముగిసేలా చూసుకుంటారు. రెండు వంటలు, రెండు బల్లలు, ఒకటే ఉదయం. భిక్షువుల వంటా గురువుల వంటా ఒకే మనిషికి అప్పగిస్తే ఏదో ఒకటి వెనకబడుతుంది. పైగా ఎండ. వాతావరణం 32 డిగ్రీలు దాటితే వండిన మాంసాన్ని బయట గంటకి మించి ఉంచొద్దని ఆహార భద్రత సూచనలు చెబుతాయి. దేవతల పేర్లన్నీ పిలిచి నాంగ్ కిన్ దాకా రావడానికే అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. కాబట్టి అనుభవం ఉన్న బృందాలు పళ్లు, పిండివంటలు, బాయ్ సీ ముందే సర్ది, పచ్చి రొయ్యలు, పీతలు, మాంసం ఐసు మీద ఉంచి, మంత్రపాఠం మొదలయ్యే ముందు మాత్రమే బల్ల మీదికి తెస్తాయి. పచ్చివాటిని సెలవు తీసుకోగానే వంటింటికి పంపి బాగా ఉడికిస్తారు. వండిన మాంసాన్ని కూడా మళ్లీ వేడిచేశాకే వడ్డించడం మంచిది. ప్రసాదం కదా ఏమీ కాదనుకుంటే బాక్టీరియా ఒప్పుకోదు.

రెండో గొడవ బృందం సామర్థ్యం. పెద్దగురువు అడిగిన పాట వాయించేవాళ్లకి రాకపోతే పూజ అక్కడే ఆగిపోతుంది. అందరు గురువులనీ పిలిచే పూర్తి పూజలో ముప్పై పైచిలుకు నాఫాట్‌లు అవసరం కావచ్చు. అందుకని ముందే కూర్చుని జాబితా ఖాయం చేసుకుంటారు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది: ఫ్రా ఫిరాప్ రచనని అర్హత పొందినవాళ్లే వాయించాలి. సంగీత శిక్షణలో ఖ్రోప్ ఐదు మెట్లుగా సాగుతుంది. మొదటిది సాథుకాన్. గురువు శిష్యుడి వెనక కూర్చుని అతని రెండు చేతులూ పట్టుకుని, 16 లోహపు గాంగ్‌లున్న ఖోంగ్ వోంగ్ యై అనే వాద్యం మీద మూడుసార్లు వాయింపిస్తాడు. ఛింగ్ అనే చిన్న తాళాలతో తల తాకడం కూడా ఈ సందర్భంలోదే. ఐదో మెట్టు ఓంగ్ ఫ్రా ఫిరాప్. దానికి వయసు ముప్పై దాటి, భిక్షువుగా కొంతకాలం గడిపినవాడై ఉండాలన్నది పాత కట్టుబాటు. ఆ మెట్టెక్కినవాళ్లు బృందంలో లేకపోతే, పచ్చిమాంసం బల్ల ఎంత ఘనంగా సర్దినా ఆ అతిథిని పిలిచే పాట ఉండదు. కొన్ని చిన్న పాఠశాలలు అందుకే పచ్చి బల్ల మానేస్తాయి. అది లోపం కాదు, తమ స్థాయి తెలుసుకుని నడుచుకోవడం.

శిష్యుడి వంతు నైవేద్యం చాలా చిన్నది. ఒక లోహపు గిన్నెలో పూలు, అగరుబత్తులు, కొవ్వొత్తి, తెల్లటి చేతిగుడ్డ, ఆరు బాత్‌ల నాణేలు. దీన్ని ఖాన్ కమ్నోన్ అంటారు. కొన్ని పరంపరల్లో, పై మెట్లలో మొత్తం ఎక్కువ ఉంటుంది. ఆరు బాత్‌లతో బ్యాంకాక్‌లో ఇవాళ చిన్న చిరుతిండి దొరకడం కూడా కష్టమే, అయినా ఆ అంకె పెంచరు. అది ఫీజు కాకపోవడమే కారణం. మామూలు బడుల్లో జూన్ ప్రాంతంలో జరిగే వాయి ఖ్రూలో తిండి బల్లలే ఉండవు, పూలపళ్లేలే ఉంటాయి. గరిక త్వరగా అల్లుకునే తెలివికి, నూరువరహాల పువ్వు సూదిలాంటి చురుకుకి, వంకాయ పువ్వు వంగి ఉండే వినయానికి, పేలాలు క్రమశిక్షణకి గుర్తులని చెబుతారు. ఈ రెండు పూజలని ఒకటే అనుకుని, సంగీతపూజ నైవేద్యాలకీ ఇలాంటి అర్థాలే వెతికితే దారి తప్పుతాం. బడిపూజలో వస్తువు ఒక గుణానికి గుర్తు. సంగీతపూజలో వస్తువు ఒక అతిథికి భోజనం.

బల్ల మీద లేని తిండి కూడా ఒకటుంది. తఫోన్ అనే రెండు ముఖాల మద్దెల శ్రుతి కోసం మెత్తగా నూరిన అన్నంలో బూడిద కలిపి ముఖాల మీద ముద్దగా అంటిస్తారు. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద పెట్టే మన అలవాటుకి ఇది సోదరి. తఫోన్ ఫ్రా ప్రఖోంథప్‌కి ప్రతిరూపం కాబట్టి వాద్యాలన్నిటికంటే ఎత్తులో, తెల్లగుడ్డ మీద పెడతారు. వాయించడం అవగానే ఆ ముద్దని తీసి తుడవాలి. ఎండిపోతే తోలు లాగేస్తుంది, తడిగానే వదిలేస్తే బూజు పడుతుంది.

ఇంత లెక్క ఉన్నా, బల్లకి ఎదురుగా నిలబడే మనిషికి అధికారం లేకపోతే అంతా వృథా అని కళాకారుల నమ్మకం. మంత్రపాఠం ఉన్న ప్రతిని గురువు శిష్యుడికి స్వయంగా అప్పగిస్తేనే ఆ శిష్యుడు పూజ నడపగలడు. ఖోన్ నృత్యనాటక శాఖలో ఆ పరంపర తెగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు, 1984 అక్టోబర్ 25న రాజు భూమిబల్ అతుల్యతేజ్ దుసిదాలై మందిరంలో కొందరు కళాకారులకి స్వయంగా ఆ అధికారం ఇచ్చాడు. వస్తువుల విషయంలో మాత్రం ఇంత పట్టింపు లేదు. అమెరికాలో థాయి ఆలయాల్లో సంగీత తరగతులు నడిపేవాళ్లు ఫ్రీజర్ అరటాకుతో బాయ్ సీ కడతారు. మంచు విడిచాక ఆ ఆకు నల్లబడి మడతల దగ్గర చీలుతుంది కాబట్టి కావలసినదానికి రెట్టింపు తెచ్చుకుంటారు. పంది తల దొరక్కపోతే కోడీ బాతూ పూర్తిగా పెట్టి సరిపెడతారు, మాంసం వద్దనుకునేవాళ్లు పళ్లూ పిండివంటలతోనే నడిపిస్తారు. నాఫాట్‌లని రికార్డు చేసిన సీడీలు కూడా అమ్ముతారు, వాయించేవాళ్లు లేని చోట వాటినే పెట్టుకుంటారు. నృత్యబృందాల్లో దీన్ని సహిస్తారు కానీ, సంగీతకారుల పూజలో ఇది చెల్లదనే నేనంటాను. తిండి తక్కువైతే ఆ గురువులు సర్దుకుంటారేమో, వాళ్లు నేర్పిన పాటని వాళ్ల ముందే స్పీకర్లో వేస్తే మొక్కేది ఏ విద్యకి?